అత్తగారి కునుకు

మారుతసీమ సరిహద్దురాయి దాటి పట్టుమని పదడుగులు వేశాడో లేదో, శరభుడి తలపాగా ఎగిరిపోయింది. దానికోసం చెయ్యి చాచేసరికి ఉత్తరీయం పోయింది. ఉత్తరీయం కోసం ఉరికేసరికి కాళ్ళు నేలను విడిచాయి. అవి మళ్ళీ నేలకు తగిలేటప్పటికి అతడు ఇరవై బారల అవతల ఒక ముళ్ళపొదలో ఉన్నాడు.

“ఛీ! ఇదేం దేశం!” అని అరిచాడు శరభుడు. ఆ అరుపును కూడా గాలి ఎత్తుకుపోయింది. తన మాట తన చెవికే వినబడలేదు.

అసలే కోపం ముక్కుమీద ఉండే మనిషి. అందులోనూ నీలవేణి ఒడ్డున పుట్టిన పడవవాడు. అక్కడివాళ్ళకు ఆగడమంటే ఏమిటో తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, ఏరు చెప్పి రాదు కదా! అందుకే నీలవేణి ఒడ్డున పెళ్ళిచూపులూ పెళ్ళీ ఒక్కపూటలో అయిపోతాయి. బిడ్డకు నడకకంటే ముందు ఈత నేర్పుతారు. అన్నం నిలబడి తింటారు. నోరు విప్పితే అవతలి గట్టుకు వినబడాలి. ఆలోచిస్తూ కూర్చున్నవాడు కొట్టుకుపోతాడని చిన్నప్పటినుంచీ చెబుతారు.

ఆ ఏటి ఒడ్డున ఏడూళ్ళకు ప్రాణం శరభుడి అక్క కువలయ గొంతు. కేకమేడ ఎక్కి ఆమె “ఏరొస్తోంది!” అని ఒక్క కేక వేస్తే, ఏడూళ్ళూ పిల్లాజెల్లాతో మిట్టకు చేరతాయి. ఆ గొంతునే దొంగిలించాడు ధూమ్రకంఠుడనే మాంత్రికుడు. ఏడూళ్ళూ మునిగిననాడు ఏటి అడుగునున్న నాగమణి పైకి తేలుతుందని వాడి ఆశ. దాహమని మేడ ఎక్కాడు. “వస్తున్నానయ్యా” అనడానికి కువలయ నోరు తెరిచింది. ఆ గొంతు కాస్తా వాడి మెడలోని ఇత్తడి భరిణెలోకి పోయింది. వాడు దానికి లక్కముద్ర వేసుకుని మాయమైపోయాడు.

శరభుడికి నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటుంది. వాణ్ణి ఏరు దాటించింది తనే. ఏనుగు గున్నలాంటి భారీ మనిషి ఎక్కినా పడవ వేలెడు కూడా కుంగలేదు. ఈరోజు పడవ భలే తేలిగ్గా పోతోందే అని సంబరపడ్డాడే తప్ప, ఎందుకని ఒక్క క్షణం ఆలోచించలేదు. తరవాత ఆస్థాన జ్యోతిష్కుడు చెప్పాడు: “వేలి ఉంగరం మహిమతో వాడు ఏ రూపమైనా ధరించగలడు నాయనా, బరువు మాత్రం మార్చుకోలేడు. ఎప్పుడు తూచినా మేకపిల్లంతే.”

జ్యోతిష్కుడి లెక్క ప్రకారం ఈసారి ఏరు పొంగడానికి ఇంకా ఏడు రోజులు. తిరుగు ప్రయాణానికే నాలుగు రోజులు కావాలి. మాంత్రికుడు ఈ కనుమలోకే దూరాడని గొర్రెలకాపరులు చెప్పగా పరుగున వచ్చిన శరభుడికి, ముళ్ళపొదలో పడి ఉండడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

దారి పక్కన రాతిగుంజలు పాతి, వాటి వెంట మణికట్టంత లావు తాడు కట్టి ఉంది. శరభుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని, పొట్టమీద పాకుతూ ముందుకు సాగాడు. అప్పుడు కనబడింది మారుతసీమ.

చూడవలసిన దేశమే, చూడనిస్తే! చెట్లన్నీ తూర్పుకు వంగి, సాష్టాంగపడ్డట్టు పెరిగాయి. ఇళ్ళు సగం భూమిలో, సగం పైన. కప్పులు రాతిపలకలు, తలుపులన్నీ తూర్పుకే. ఎక్కడా గోపురం లేదు, ధ్వజం లేదు, ఉయ్యాల లేదు. రాజుగారి కోట సైతం మనిషి ఎత్తుకు మించదు. ఛత్రచామరాల ఊసే లేని ఆ రాజుకు పట్టాభిషేకంనాడు కిరీటం పెట్టరు, నల్లరాతి కంఠె వేస్తారు. ఏటా నలభై రోజులు వీచే ఆ పడమటి గాలిని వాళ్ళు పేరుపెట్టి పిలవరు. “అత్తగారు” అంటారు. అత్తగారు ఇంట్లో ఉన్నంతసేపూ కోడలు ఎలా ఉంటుందో, ఆ నలభై రోజులూ దేశమంతా అలా ఉంటుంది. తల వంచుకుని, గొంతు తగ్గించి, అడుగు ఆచితూచి వేస్తూ.

తాడు చివర నేలలోకి దిగబడినట్టున్న ఒక రాతి ఇల్లు ఉంది. శరభుడు రెండు పిడికిళ్ళతోనూ తలుపు బాదాడు. తలుపు జానెడు తెరుచుకుంది. ఒక బలమైన చెయ్యి అతడి జుట్టు పట్టుకుని లోపలికి లాగింది.

“మెల్లగా నాయనా, మెల్లగా. తలుపు మీద నీకేం పగ?” అంది ఆ చేతిగల ముసలమ్మ. ఆమె తిప్పక్క. ఆ గాలిసత్రానికి పెద్ద.

“ఇక్కడికి ఎవడైనా వచ్చాడా? భారీ మనిషి, మెడలో ఇత్తడి భరిణె...”

“ముందు తక్కెడెక్కు.”

“ఏమిటీ?”

గడప పక్కనే దూలానికి మనిషిని తూచే తక్కెడ వేలాడుతోంది. తిప్పక్క అతణ్ణి ఒక తట్టలో నిలబెట్టి, రెండో తట్టలో గుండ్లు వేసి, తీరిగ్గా తూచింది. తరవాత మూలనున్న కుప్పలోంచి చిల్లు పెట్టిన రాయి ఒకటి తీసి, అతడి నడుముకు కట్టింది. ఒక్కటే, అదీ పిడికెడంత.

శరభుడు సత్రంలోకి చూశాడు. మసక వెలుతురులో ముగ్గురు బాటసారులు కూర్చుని ఉన్నారు. గోడవారన చీపురుపుల్లలా ఎండిపోయిన ఒక మౌనవ్రతపు సాధువు, అతడి నడుముకు మూడు రాళ్ళు. ఆ పక్కన పుట్టింటికి పోతున్న ఒక సన్నపాటి కోడలుపిల్ల, ఆమెకు నాలుగు. అందరికంటే వెచ్చని చోట, పొయ్యి పక్కన, మెత్తటి గొర్రెచర్మం మీద ఒక బొజ్జ వర్తకుడు మెడ కనబడకుండా శాలువా చుట్టుకుని, కంబళ్ళ మూటకు ఆనుకుని ఉన్నాడు. అతడి నడుముకు, భుజాలకు, కాళ్ళకు కలిపి పద్దెనిమిది రాళ్ళు! తిప్పక్క గంజి పోసినా మొదటి ముంత అతడికే, ఆ అమ్మాయి మంచినీళ్ళు ఇచ్చినా ముందు అతడికే.

‘ఓహో, ఈ దేశంలో రాళ్ళే బిరుదులన్నమాట. ఈయన ఎవరో పెద్ద సామంతుడై ఉంటాడు’ అనుకున్నాడు శరభుడు. తనకు ఒక్క రాయే దక్కినందుకు ఒళ్ళు మండింది.

“ఏమమ్మా, నలుగురు లాగే పడవను నేనొక్కణ్ణీ లాగుతాను. నాకు ఒక్క రాయేనా?”

“ఆ రాళ్ళ సంగతి చెబుతా విను నాయనా. మా దేశంలో ఏంటంటే, మనిషి పుట్టగానే...”

“నాకు పురాణాలు వినే తీరిక లేదు! నా మాటకు జవాబు చెప్పు. వీళ్ళు ఎవరెవరు?”

కోడలుపిల్ల చెవులు మూసుకుంది. సాధువు కళ్ళు పెద్దవి చేశాడు. తిప్పక్క శరభుణ్ణి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“పరాయి దేశపోడివి కాబట్టి ఈసారికి పోనిస్తన్నా. గాలిసత్రంలో పేరు అడగరాదు. అత్తగారు తరుముకొస్తే పగోడు కూడా ఇదే తలుపు కొడతాడు. పేరు అడిగామంటే తెరవబుద్ధి కాదు. మా తాతలు అట్లా అడిగి, తెరవక, తెల్లారి తలుపు ముందు సొంత అల్లుణ్ణే శవంగా చూశారు. అప్పట్నుంచీ అడగం. కత్తి దూయరాదు, ఇంకొకళ్ళ మూట ముట్టరాదు. అత్తగారు కునుకు తీసినప్పుడు, ముందు వచ్చినోళ్ళు ముందు పోవాలి. ఒకళ్ళు పోయాక ఇంకొకళ్ళు జొన్నన్నం ఉడికేంతసేపు ఆగి పోవాలి. అప్పుడు ఎవరి వెనక ఎవరూ పడరు. ఇది తప్పితే దేశంలో ఏ సత్రమూ మళ్ళీ నీకు తలుపు తీయదు.”

“ఆ కునుకు ఎప్పుడు తీస్తుందో?”

“అత్తగార్ని ఎవరడుగుతారు నాయనా?” అని తిప్పక్క నవ్వింది.

రెండు రోజులు! నీలవేణి ఒడ్డు మనిషిని రెండు రోజులు ఒక రాతిగదిలో కూర్చోబెట్టడమంటే చేపను చెట్టెక్కించడమే. శరభుడు లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. నలభైసార్లు తలుపు దాకా వెళ్ళాడు. అతడు గట్టిగా మాట్లాడినప్పుడల్లా ముగ్గురూ వేలు పెదవి మీద పెట్టుకున్నారు. గాలి పాట వినాలట! అది ఏ రాగంలో ఉందో చెవి పెట్టి, ఎప్పుడు తగ్గుతుందో లెక్క కడతారట! వాళ్ళు మాత్రం దారం వడుకుతూ, జొన్నలు ఏరుతూ, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఆవులింత తీసేంత ఎడం ఇస్తూ హాయిగా ఉన్నారు.

“తమ్ముడికి తొందరెక్కువ లాగుంది,” అన్నాడు బొజ్జ వర్తకుడు, వేయించిన శనగలు నములుతూ. “కాసిని తింటావా? ఇంటి దగ్గర ఏదో పని పెట్టుకుని వచ్చినట్టున్నావ్. ఏరు పొంగే కాలం కదా!”

“మీబోటి పెద్దలకు ఏం తెలుస్తుంది లెండి మా బాధ,” అని శరభుడు ఆ పద్దెనిమిది రాళ్ళకూ వినయంగా నమస్కారం పెట్టాడు. వర్తకుడి బొజ్జ నవ్వుతో కదిలింది.

శరభుడి బుర్రలో ఒకే మాట తిరుగుతోంది: మేకపిల్లంత బరువు. ఈ గాలిలో వాడూ ఈ సత్రంలోనే చిక్కుకుని ఉండాలి. ఈ ముగ్గురిలో తేలికవాడు ఎవడు? ఇన్ని రాళ్ళు మోస్తున్న సామంతుడు కాడు గాక కాడు. అంటే ఆ చీపురుపుల్ల సాధువే! మౌనమట, మౌనం! గొంతు దొంగిలించినవాడికి మౌనం కాక మరేముంటుంది?

రెండో రోజు మధ్యాహ్నం శరభుడు కాలు జారినట్టు నటించి సాధువు మీద పడ్డాడు. పడుతూనే నడుము పట్టుకుని గబుక్కున పైకెత్తాడు. సాధువు నిక్షేపంగా ఐదు మణుగులున్నాడు! ఎత్తినవాడి వెన్ను కలుక్కుమంది. సాధువు వ్రతం చెడకుండా నోరు బిగించుకుని, కమండలంతో అతడి నెత్తిమీద ఠంగుమని ఒక్కటి మొట్టాడు. కోడలుపిల్ల ఫక్కుమని నవ్వి, కొంగు నోట్లో కుక్కుకుంది.

“నీకు నేను చెప్పేది కాస్త వింటే...” అని తిప్పక్క మొదలుపెట్టింది.

“అన్నీ విన్నాను! మీ దేశమూ, మీ గాలీ, మీ కునుకులూ!” అని శరభుడు అరిచి నెత్తి తడుముకున్నాడు. ఏడుపు వచ్చినంత పనైంది.

సరిగ్గా ఆ క్షణాన గాలి ఆగింది.

రెండు రోజులుగా చెవుల్లో హోరెత్తిన మోత ఒక్కసారిగా తెగిపోయేసరికి, ఇల్లు చెవిటిదైపోయినట్టు అనిపించింది. తిప్పక్క తలుపు బార్లా తెరిచింది. బయట ఎండ, ఒక్క ఆకు కదలడం లేదు.

“అత్తగారు కునుకు తీసింది. ముందొచ్చినోళ్ళు ముందు,” అంది తిప్పక్క.

బొజ్జ వర్తకుడు అన్ని రాళ్ళు కట్టడానికి బారలకొద్దీ చుట్టిన తన నడుముతాడు బిగించుకుని, కంబళ్ళ మూట అక్కడే వదిలేసి, అందరికీ నమస్కారం చేశాడు. శరభుడి దగ్గర ఆగి, “వస్తా తమ్ముడూ. మీ అక్కకి నా దీవెనలు చెప్పు. ఆమె ఎలాగూ నాకు తిరిగి చెప్పలేదనుకో,” అని గడప దాటాడు.

ఆ మాట శరభుడి బుర్రకెక్కడానికి నాలుగు క్షణాలు పట్టింది. అప్పటికి అతడు కోడలుపిల్ల మీదికి వంగి, “నిజం చెప్పు, నువ్వేనా?” అని అడుగుతున్నాడు. మాట మధ్యలో నోరు అలాగే ఉండిపోయింది. తను ఎవరికీ అక్క ఊసే చెప్పలేదు!

“తిప్పక్కా!” అని గొణిగాడు. రెండు రోజుల్లో మొదటిసారి అతడి గొంతు తగ్గింది. “ఆ రాళ్ళు... ఆ రాళ్ళు దేనికి?”

“ఇప్పటికి అడిగావా నాయనా!” తిప్పక్క నుదురు కొట్టుకుంది. “మాకు పేర్లు తెలవవు, బరువులే తెలుసు. గాలి ఎత్తుకుపోకుండా, తక్కువ పడ్డ మేరకు రాళ్ళు కడతాం. బరువున్నోడికి ఒకటి చాలు. ఆ లావాటాయన తక్కెడెక్కితే రెండు మణుగులు కూడా తూగలా. ఏ మాయరోగమో, పాపం లోపలంతా డొల్లయిపోయిందనుకున్నా. రోగిష్టి కదా అని పొయ్యి పక్కన చోటిచ్చి, ముందు గంజి పోశా. రెండుసార్లు చెప్పబోయా, నువ్వు విన్లా.”

శరభుడు మొలలోని కత్తి అందుకున్నాడు. తిప్పక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“జొన్నన్నం ఉడకాలి.”

“వాడి మెడలో ఏడూళ్ళ ప్రాణం ఉంది తల్లీ! ఐదు రోజుల్లో ఏరొస్తుంది!”

తిప్పక్క ముఖం పాలిపోయింది. కానీ గుమ్మం నుంచి కదల్లేదు. “నాకు కడుపు తరుక్కుపోతంది. అయినా నేను ఈ గడప తప్పితే, రేపు ఏ పగోడూ మమ్మల్ని నమ్మి తలుపు కొట్టడు. నువ్వు పోతే కొమ్ము ఊదాల్సిందే. కొమ్ము వింటే దేశంలో ఒక్క తలుపూ తెరుచుకోదు. అత్తగారు ఏ క్షణానైనా లేస్తది. ఆలోచించుకో.”

“మా ఊళ్ళో ఆలోచించడం నేర్పరు,” అన్నాడు శరభుడు. ఆమె చెయ్యి కింది నుంచి దూరి బయటపడ్డాడు.

వెనక కొమ్ము బొంయ్‌మని మోగింది. ఆ మోతను కొండకు అవతలి సత్రం అందుకుంది, దాన్ని ఇంకొకటి అందుకుంది. లోయ పొడవునా తలుపులు ధడేల్ ధడేల్‌మని మూసుకున్నాయి. శరభుడు పరుగెత్తుతూనే ఉన్నాడు.

ధూమ్రకంఠుడు వెనక్కి తిరిగి చూశాడు. ఒంటి మీద పద్దెనిమిది రాళ్ళు! అవి కాళ్ళకు అడ్డం పడుతుంటే వాడు పరుగెత్తలేకపోతున్నాడు. ముడులు పటపట తెంపి రాళ్ళు ఒక్కొక్కటే విసిరేశాడు. ఒకటి శరభుడి చెవి పక్కనుంచి రివ్వున పోయింది, ఒకటి మోకాలికి తగిలింది. పద్దెనిమిదో రాయి కూడా పారేసి, వాడు జింకలా ఒక్క గెంతు గెంతాడు.

ఆ గెంతులో ఉండగానే అత్తగారు నిద్రలేచింది.

పడమటి కనుమ గర్జించింది. గెంతిన మాంత్రికుడు కిందికి దిగలేదు, పైకే పోయాడు. రాళ్ళు పోయి చుట్లు విడిన వాడి నడుముతాడు చివర నేలమీద పాములా జరజరా పాకిపోతుంటే శరభుడు దాని మీద దూకాడు. తాడు అరచేతులను కోస్తూ జారింది. దాన్ని చటుక్కున ఒక రాతిగుంజకు మూడు చుట్లు చుట్టి, కాళ్ళు తన్నిపెట్టాడు. పైన, తాటిచెట్టంత ఎత్తున, ధూమ్రకంఠుడు గాలిపటమై గింగిరాలు తిరుగుతున్నాడు. మంత్రం చదవబోయాడు. అక్షరం పెదవి దాటకముందే గాలి ఊడ్చుకుపోయింది.

“దొరికావురా!” అని శరభుడు తాడు బలంగా లాగాడు.

ఒక పోగు తెగింది.

మాంత్రికుడు అది చూసి నవ్వాడు. మంత్రం పనిచేయకపోతేనేం, రూపాలు మార్చే ఉంగరం వేలికి ఉంది కదా! చూస్తుండగానే వాడి ఒళ్ళు ఉబ్బి, చెవులు చేటలై, తొండం సాగి, మేకపిల్లంత బరువున్న మహా గజం ఆకాశంలో వేలాడింది. ఇంకేం, అంత మేనుకూ గాలి పట్టింది. తాడు వీణతీగలా మోగింది. రెండో పోగు తెగింది.

ఆ కుదుపుకు ఏనుగు మెడలోని భరిణె మీద లక్కముద్ర బీటలు వారింది. ఆ బీటలోంచి, అంత గాలిలోనూ, సన్నటి దారంలా ఒక కేక కిందికి జారింది.

“ఏరొస్తోంది...!”

కువలయ గొంతు! కొంచెం కొంచెంగా కారిపోతోంది. గాలి దాన్ని తాగేస్తోంది. ఆగితే గొంతు అయిపోతుంది. గబగబా లాగితే తాడు తెగుతుంది. సాయానికి పిలుద్దామంటే లోయలో తెరిచి ఉన్న తలుపు ఒక్కటీ లేదు.

పుట్టిననాటినుంచీ ఆ కేక విన్నప్పుడల్లా శరభుడి కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. ఇప్పుడూ తొడలు అదిరాయి, మడమలు లేచాయి. అతడు పళ్ళు బిగించి, లేచిన మడమలను మళ్ళీ నేలకు నొక్కాడు. తిప్పక్క కట్టిన ఒక్క రాయి నడుము దగ్గర చల్లగా తగిలింది.

“మెల్లగా... మెల్లగా...” అని ముసలమ్మ మాటనే తనకు తాను చెప్పుకుంటూ, గాలి ఊపిరి తీసే సందు కోసం చెవి పెట్టాడు. సందు దొరికింది. జానెడు తాడు లాగి, గుంజకు చుట్టి, ఆగాడు. పైనుంచి అక్క కేక మళ్ళీ వినబడింది, మొదటిదానికంటే సన్నగా. ఒళ్ళంతా పరుగెత్తమంటుండగా, శరభుడు కదలకుండా నిలబడి, రెండో జానెడు కోసం చెవి పెట్టాడు.